రాతి బడికి సిమెంటు పూయకండి

చిరంజీవికి ఆశీస్సులు.

మీ ఊరి పాత రాతి బడిని పడగొట్టనీయకుండా కాపాడుకోవాలని కుర్రాళ్లంతా పూనుకున్నారని తెలిసి చాలా సంతోషమైంది. ఒక్క మాట ముందే చెప్తా. ఆ ఊపులో ప్లాస్టరింగు, రంగులతో మొదలుపెట్టొద్దు. మన సీమలో ఎన్నో రాతి కట్టడాలు మంచి మనసుతో పూసిన సిమెంటు వల్లే పాడయ్యాయి.

ముందు కాగితాలు. స్థలం, కట్టడం ఎవరి పేరున ఉన్నాయో చూసి, మండల పరిషత్ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకో. గుమ్మం మీది పలకలో ‘తాలూకా బోర్డు’ అని ఉంటే బడి 1934కు ముందుదే, ఆ ఏడాదితో ఆ బోర్డులు రద్దయ్యాయి. ‘జిల్లా బోర్డు’ అని మాత్రమే ఉంటే ఆ ఆనవాలు చాలదు, అవి తర్వాత కూడా చాలాకాలం నడిచాయి. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) కనిపిస్తే 590 కలుపు: ఫసలీ 1337 అంటే 1927-28. పాత అడ్మిషన్ రిజిస్టర్లను, ఇన్‌స్పెక్టర్లు రాసిన తనిఖీ పుస్తకాలను పేజీ పేజీ ఫొటో తీయించు. లామినేషన్ మాత్రం వద్దు, మళ్లీ ఊడదీయాలంటే కాగితం చిరిగిపోతుంది.

ఇక పని. వరస తప్పొద్దు: మొదట కప్పు, తర్వాత గోడ మొదట్లో నీళ్లు, ఆఖరున గోడలు. కప్పు కారుతుండగా గోడ బాగుచేస్తే డబ్బు వంకలో పోసినట్టే.

మీది బండల మిద్దె కాబట్టి ముందు పైన ఎంత మన్ను ఉందో చూడు. ఏటా కారినచోటల్లా చవుడు పోస్తూ పోతే మందం పెరిగిపోతుంది. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గది మీద 4 అంగుళాల మన్ను ఎక్కువైతే దాదాపు 9 టన్నులు, తడిస్తే ఇంకా ఎక్కువ. దూలాలు వంగేది అందుకే. కింద పోట్లు పెట్టించి, పాత మన్నును చేత్తో, రెండు వైపుల నుంచీ సమంగా దించాలి. ఒక్క వైపు నుంచే దించితే బరువు ఒక పక్కకు ఒరిగి బండలు కదులుతాయి. దూలం గోడలోకి దిగేచోట స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడు. సులభంగా దిగిపోతే లోపల చెదలో, కుళ్లో ఉన్నట్టే. పిట్టగోడ మొదలు, గవాక్షి (వెలుతురు కోసం కప్పులో వదిలిన కంత) చుట్టూ, తూము నోరు: కారేది ఎక్కువగా ఈ మూడు చోట్లే.

గోడ మొదలు సంగతి చాలామంది పట్టించుకోరు. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయాక బడి పల్లంలో పడుతుంది. గోడ దగ్గర మోకాలి ఎత్తున వేలితో రుద్ది చూడు. తెల్లటి పొడి రాలి, దాని వెనక రాయి పొరలుగా ఊడివస్తుంటే, ఉప్పు పట్టిందని అర్థం. గోడలోకి ఎక్కిన నీరు సున్నం గుండా ఆరిపోవాలి. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి నీరు, ఉప్పు రాతిలోంచే బయటికి వస్తాయి. గోడనానుకుని సిమెంటు గచ్చు కూడా వేయించొద్దు. పేరుకున్న మన్ను తీసి, గోడ నుంచి బయటికి 40 అడుగులకు ఒక అడుగు వాలు పెట్టి, నీళ్లు కాలువలో కలిసేలా చెయ్యి. గోడలో మొలిచిన రావి, మర్రి మొక్కలను లాగొద్దు, రాళ్లు వదులవుతాయి. మొదలు దగ్గర కోసి, వేరు చచ్చేదాకా మందు రాస్తూ ఉండు.

మన పాత గోడల్లో చాలాచోట్ల లోపల ఎర్రమన్ను, బయట సందుల్లో మాత్రమే సున్నం ఉంటుంది. ఆ సున్నం రాలితే వాన లోపలి మన్నును కడిగేస్తుంది. కాబట్టి సందులను ఉలితో ఒక అంగుళం లోతు దాకా తవ్వి, బ్రష్షుతో తుడిచి, తడిపి, కొత్త సున్నం నింపాలి. పాళ్లు: నానిన సున్నం ఒకటి, ఇటుక పొడి ఒకటి, కడిగిన వంక ఇసుక రెండు. సున్నం కనీసం 10 రోజులు గుంటలో నీళ్ల కింద నానాలి. లేకుంటే ఉడకని పలుకులు తర్వాత ఉబ్బి సందులు చిట్లుతాయి. కాల్చిన సున్నాన్ని నీళ్లతో ఆర్పేటప్పుడు (ఉడికించేటప్పుడు) నీళ్లలో సున్నం వేయాలే గాని సున్నం మీద నీళ్లు పోయొద్దు. కళ్లకు అద్దాలు తప్పనిసరి. నింపాక పది రోజులు తడి గోనెలు కప్పి ఉంచు. ఎండాకాలంలో త్వరగా ఆరితే పొడిబారి రాలిపోతుంది.

గోడ ఉబ్బిందా లేదా గుండు దారం వేసి చూడు, తట్టి విను. బోలు మోత వస్తే లోపలి పొర, బయటి పొర విడిపోయాయి. 1993 లాతూరు భూకంపంలో అంతమంది చనిపోవడానికి ఇలాంటి గోడలు ఒక కారణం. ఆ చోట పొరలను కట్టే పొడవాటి రాళ్లను, ఒకవైపు నుంచి మరోవైపు దాకా పోయేవి, రెండడుగుల ఎత్తుకొకటి, నాలుగడుగుల దూరానికొకటి చొప్పున వేయించాలి. ఇది అనుభవం ఉన్న బేల్దారి మేస్త్రీ, ఇంజనీరు ఇద్దరూ దగ్గరుండి చేయించాల్సిన పని. పగుళ్ల మీద పెన్సిలుతో చివరలు గుర్తుపెట్టి తేదీ రాయి. ఒక వానాకాలం దాటాక కూడా పెరగకపోతే నింపు. పెరుగుతుంటే పునాది చూపించకుండా ముట్టొద్దు. ఈలోపు ఆ గదిలో పిల్లలను కూర్చోబెట్టొద్దు.

వేసవి ముగిసేలోగా కప్పు మన్ను దించి మందం కొలిచి రాయించు. ఆ లెక్క, గోడ నాలుగు వైపుల ఫొటోలు పంపితే, దూలాలు మార్చాలా నిలుపుకోవాలా అన్నది చూసి చెప్తాను.