న్యూ మీడియా, రెటరిక్ చదివితే ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ ఫైనలియర్ చదువుతోంది. పీజీలో న్యూ మీడియా, రెటరిక్, డిజిటల్ కమ్యూనికేషన్ చరిత్ర తీసుకుంటానంటోంది. ఇది జర్నలిజమో, కంప్యూటర్ కోర్సో మాకు అంతుబట్టడం లేదు. పాత సంగతులు చదివితే ఉద్యోగం ఎవరిస్తారని ఇంట్లో టెన్షన్‌గా ఉంది. చేర్పించవచ్చా?
– ఒక తండ్రి

జవాబు: రెండూ కాదండీ. న్యూ మీడియా అంటే ఇంటర్నెట్, ఫోన్ల మీద నడిచే మాధ్యమాలు, రెటరిక్ అంటే మాటతో ఒప్పించే విద్య. తెర మీద కనిపించే మాట మనిషిని ఎలా ఒప్పిస్తుంది, ఆ తెరను తయారుచేసిన తీరు మాటను ఎలా మారుస్తుంది అన్నదే ఈ చదువు. ఎదుటివారిని ఒప్పించడానికి వక్త మీద నమ్మకం, వినేవారి ఉద్వేగం, వాదనలోని తర్కం కావాలని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే చెప్పాడు. యాప్ నోటిఫికేషన్‌ను విశ్లేషించడానికీ ఆ మూడూ ఇప్పటికీ పనికొస్తాయి.

మీ అసలు అనుమానం చరిత్ర మీద కదా. ఎస్సెమ్మెస్ సంగతే చూడండి. 1985లో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ ఇంజినీర్ మామూలు వాక్యాలు టైపు చేసి, అక్షరాలు లెక్కపెట్టి, ఒక మెసేజ్‌కు 160 సరిపోతాయని తేల్చాడు. తెలుగు లాంటి లిపులకైతే ఆ చోటులో 70 మాత్రమే పడతాయి, అందులో గుణింతపు గుర్తులు కూడా లెక్కే! 2006లో వచ్చిన ట్విట్టర్ ఎస్సెమ్మెస్‌లో ఇమడడానికి 140 అక్షరాల దగ్గర ఆగింది. 2017లో 280కి పెంచేదాకా లోకమంతా ఆ ఇరుకులోనే వాదించుకుంది. అలాగే పుకార్ల వ్యాప్తిని తగ్గించడానికి వాట్సాప్ 2019లో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయనివ్వకుండా ప్రపంచమంతటా పరిమితి పెట్టింది. పుకారులోని ఒక్క మాట కూడా మార్చలేదు, అది పాకే దారిని ఇరుకు చేసింది. ఇలాంటి నిర్ణయాల వెనక ఏముందో చూడగలిగే మనిషి కంపెనీలకు కావాలి.

ఆ కొలువులకు కోర్సు పేరు మాత్రం ఉండదు. యూఎక్స్ రైటర్ (యాప్‌లలోని బటన్లు, సూచనల మాటలు రాసేవారు), కంటెంట్ డిజైనర్ (ఆ సమాచారాన్ని వాడేవారికి తగ్గట్టు అమర్చేవారు), ఫ్యాక్ట్ చెకర్, డిజిటల్ ఆర్కైవిస్ట్ (డిజిటల్ రికార్డులను భద్రపరిచేవారు) అని ప్రకటనల్లో వస్తాయి. తప్పుడు సమాచారాన్ని, వేధింపులను అరికట్టే ట్రస్ట్ అండ్ సేఫ్టీ విభాగాలు మరో దారి. పరిశోధన, బోధన ఉన్నాయి గానీ పీహెచ్‌డీ దాకా ఓపిక కావాలి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలా క్యాంపస్ నుంచి నేరుగా ఎత్తుకుపోతారని మాత్రం ఆశ పెట్టుకోకండి. చేసి చూపించిన పనే ఇక్కడ మాట్లాడుతుంది. క్యాప్షన్లు, చిన్న ప్రకటనలు రాసే పని ఇప్పటికే ఏఐ చేతుల్లోకి పోతోంది కాబట్టి దాన్నే నమ్ముకుని చేరితే ఇబ్బందే.

సిలబస్ తెప్పించి చూడండి. ఫలానా టూల్, ఫలానా ప్లాట్‌ఫామ్ అంటూ పేర్లే నిండి ఉంటే నేనైతే వద్దంటాను, చదువు పూర్తయ్యేలోపే అవి పాతబడతాయి. ఉత్త సిద్ధాంతమే ఉంటే కాస్త పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, డేటా విశ్లేషణ ఆమె విడిగా నేర్చుకోవాలి. పాత విద్యార్థుల ప్రాజెక్టులు చూపించమని అడగండి. చూపించడానికి వెనకాడితే అదే మీకు జవాబు.

ఫీజు కట్టేముందు ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టండి. వెబ్‌సైట్లు తెరవగానే కుకీలకు (మన వివరాలను గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లకు) అనుమతి అడుగుతాయి చూడండి, చాలాచోట్ల 'అంగీకరిస్తున్నాను' బటన్ పెద్దగా, రంగుల్లో ఉంటుంది. వద్దని చెప్పే దారి ఎక్కడో లోపల ఉంటుంది. అది మనచేత సరే అనిపించే పద్ధతి మీద రెండు పేజీలు రాయమనండి. ఆమె రాస్తూ రాస్తూ ఇలాంటివి ఇంకో నాలుగు వెతుక్కుంటే నిశ్చింతగా చేర్పించండి, ఆ పేజీలే దరఖాస్తుకూ జత చేయవచ్చు. అలా కాక ఆమె సరదా అంతా రీల్స్ చేయడం మీదే ఉంటే వీడియో ఎడిటింగ్‌లో చిన్న కోర్సు చాలు, రెండేళ్ల పీజీ అక్కర్లేదు.