ఆ సముద్రపక్షుల దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. తొలినాటి ఇంగ్లీషు సాహిత్యం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. పడ్డ శ్రమ కనబడుతూనే ఉంది. కానీ మొదటి నాలుగు పేజీలూ చరిత్ర, ఆ తర్వాతంతా కవిత్వం. 793లో ఇంగ్లండులోని లిండిస్‌ఫార్న్ మఠం మీద వైకింగుల దాడి, 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలవడం, అన్నీ సరిగ్గానే రాశావు. తీరా కవిత దగ్గరికి వచ్చేసరికి వాటిలో ఒక్కటీ నీకు అక్కరకు రాలేదు. నేనూ ఎం.ఏ.లో అలాగే చదివాను. తేదీలు ఒక నోట్సులో, పద్యాలు ఇంకో నోట్సులో. వాటిని కలిపి చదవడం తెలియడానికి నాకు ఏళ్లు పట్టింది. నీకు అన్నేళ్లు పట్టకూడదు.

పాత ఇంగ్లీషు కవిత ‘ది వాండరర్’ గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశావు, ఒంటరితనాన్ని వర్ణించే కవిత అని. ఎవరి ఒంటరితనం? ఏలినవాణ్ణి మట్టిలో దాచి, చలికాలపు సముద్రం మీద తిరుగుతున్న మనిషిది. అతనికి నిద్రలో ఒక కల వస్తుంది. తన దొరను కౌగిలించుకుని ముద్దు పెట్టుకున్నట్టు, ఆయన మోకాలి మీద చేతులూ తలా ఆనించినట్టు. మెలకువ వస్తే ఎదురుగా నల్లని అలలు, రెక్కలు చాపి స్నానం చేస్తున్న సముద్రపక్షులు, వడగళ్లతో కలిసి రాలే మంచు.

ఆ మోకాలు ఎందుకు గుర్తొచ్చిందో అడుగు. లార్డ్ అనే మాటకు మూలం ‘హ్లాఫ్‌వెయర్డ్’, అంటే రొట్టెను కాచేవాడు. ఆయన ఉప్పు తిన్నాను అని మన పెద్దవాళ్లు అంటారే, ఆ బంధమే ఇదీ. దొర తన హాలులో తిండి పెడతాడు, మధువు పోస్తాడు, ఉంగరాలూ కడియాలూ ఇస్తాడు. బదులుగా ఇతను యుద్ధంలో ఆయన పక్కన నిలబడాలి. దొర కానుకలిచ్చే పీఠం ఆ కలలోనే ఉంది, చూడు. ఆయన పోతే ఇతనికి పోయింది ఒక ఆప్తుడే కాదు. ఇల్లు, పరువు, రక్షణ, అన్నీ.

ఇక 1066 ఎక్కడ రావాలంటావా? ఈ కవిత మిగిలింది ఒకే ఒక్క రాతప్రతిలో. 1072లో చనిపోయిన బిషప్పు లియోఫ్రిక్ దాన్ని ఎక్సెటర్ కెథీడ్రల్‌కు ఇచ్చాడు. దాని మొదటి పుటల మీద కత్తి గాట్లున్నాయి, చివరి పుటలు కాలి చిల్లులు పడ్డాయి. నార్మన్ల తర్వాత పెద్దల భాష ఫ్రెంచి అయింది. పాత ఇంగ్లీషు చదివేవాళ్లు కరువయ్యాక ఎవరో ఆ పుస్తకాన్ని దేనికో పీటగా వాడి ఉంటారు. నీ నార్మన్ పేరాను ఆ కత్తి గాట్ల పక్కన పెట్టి చూడు.

ఇంకో మాట. ఈ కవిత్వాన్ని అనువాదంలోనే చదివి ఆగిపోకు, మూలాన్ని పైకి చదువు. పాదం మధ్యలో విరుగుతుంది, రెండు ముక్కలనూ ఊనిక పడే అక్షరాల మొదటి ధ్వని కలుపుతుంది. యతి తెలిసిన చెవికి అది పరాయిది కాదు. మనకు అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. వాళ్లకు అచ్చులన్నీ ఒకే జట్టు. నన్నయ రాజమహేంద్రవరంలో భారతం రాసింది కూడా ఆ పదకొండో శతాబ్దంలోనే. ఈ పోలికను లాగి లాగి సిద్ధాంతం చెయ్యకు, చెవికి సాయంగా ఉంచుకో చాలు.

పాత ఇంగ్లీషు వీరకావ్యం ‘బేవుల్ఫ్’ దగ్గర మాత్రం జాగ్రత్త. కథ జరిగేది స్కాండినేవియాలో, క్రీస్తును ఎరగని వీరుల మధ్య. చెప్పేవాడు క్రైస్తవుడు. మనకు దక్కిన రాతప్రతి సుమారు 1000 నాటిది. కథాకాలం వేరు, రాతకాలం వేరు. నీ వ్యాసంలో రెండూ కలిసిపోయాయి.

చాసర్ భాగం బాగుంది, అక్కడ నేను చెప్పేది తక్కువ. ‘కాంటర్‌బరీ కథలు’ రాసిన ఈ కవి 1374 నుంచి లండన్ రేవులో ఉన్ని సుంకాల లెక్కలు చూసిన ఉద్యోగి. ఆ కథల్లోని వైద్యుడు మహమ్మారి రోజుల్లో సంపాదించింది భద్రంగా దాచుకున్నాడని ఒక్క ముక్కలో అంటాడు. 1348 ప్లేగు గురించి నువ్వు రాసిన పేజీ అంతా ఆ ముక్క కిందికి తీసుకురా.

మొదటి నాలుగు పేజీలూ పక్కన పెట్టి, ఆ పక్షుల దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. దసరా సెలవులకు వచ్చినప్పుడు తీసుకురా, ఇద్దరం కూర్చుని చదువుదాం.

మీ మాస్టారు