మరకతో పాటు పెయింటూ పోయింది: డీటెయిలింగ్ సెంటర్ మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పై స్లాబు నుంచి నీళ్లు కారి మా ఎర్ర కారు బానెట్ మీద, టాప్ మీద తెల్లటి సున్నపు మరకలు పడ్డాయి. షాంపూ వాష్‌తో పోలేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక డీటెయిలింగ్ సెంటర్ (కార్లకి మరకలు తీసి మెరుగుపెట్టే చోటు) వాళ్లకి ఫొటోలు పంపితే "హండ్రెడ్ పర్సెంట్ పోతాయి సార్" అని వాట్సాప్‌లో చెప్పారు. 6,500 రూపాయలు ఫోన్‌పే చేశాను, బిల్లు ఇవ్వలేదు. కారు తెచ్చుకున్నాక ఎండలో చూస్తే టాప్ అంతా మసకబారింది, బానెట్ అంచుల్లో రంగు వెలిసింది. పాలిష్ పెట్టి తుడిస్తే గుడ్డకి ఎర్ర రంగు అంటుతోంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రీపెయింట్‌కి 27,000 ఎస్టిమేట్ వేశారు. డీటెయిలింగ్ వాళ్లేమో "మరక ముందే లోపలికి దిగింది, స్లిప్పులో ఓనర్ రిస్క్ అని రాసే ఉంది" అంటున్నారు. కారు నా భార్య పేరు మీద ఉంది. చీటింగ్ కేసు పెట్టొచ్చా? అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ని అడగొచ్చా? ఇన్సూరెన్స్ వస్తుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందుగా ఒక మాట. ఎస్టిమేట్ చేతిలో ఉంది కదా అని రేపే రీపెయింట్‌కి ఇచ్చేయకండి. మీ కేసుకి అసలు సాక్షి ఆ బానెట్, ఆ టాప్. వాటి మీద కొత్త రంగు పడిన రోజున మీ దగ్గర మిగిలేది మీ మాట, వాళ్ల మాట.

వాళ్ల వాదనను తేలిగ్గా తీసుకోవద్దు, అందులో కొంత నిజం ఉండొచ్చు. స్లాబులోంచి దిగే నీళ్లు మామూలు బోరు నీళ్లలాంటివి కావు. సిమెంటులోని సున్నాన్ని కరిగించుకుని వస్తాయి కాబట్టి ఘాటైన క్షార గుణంతో ఉంటాయి. గాలి తగిలి ఆరేసరికి ఆ సున్నం గట్టి తెల్లటి పొరగా మారుతుంది. రోజుల తరబడి అలాగే వదిలేస్తే పైన ఉన్న పారదర్శకమైన లక్కర్ పొరను, అంటే క్లియర్ కోట్‌ను, కొద్దికొద్దిగా తినేస్తుంది. పైపైన పేరుకున్న సున్నమైతే పలచటి యాసిడ్‌తో కరిగిపోతుంది. పొరే తినేసి ఉంటే ఏ మందు రాసినా ఆ గుంట పోదు, చుట్టూ పాలిష్ పట్టి సమం చేయాలి, లేదంటే పెయింట్ వేయాలి. కాబట్టి "మరక ముందే దిగింది" అని వినియోగదారుల కమిషన్ ముందు వాళ్లు తప్పకుండా అంటారు.

అయితే స్లాబు చేసిన పాడుకీ, వాళ్ల చేతులు చేసిన పాడుకీ తేడా కారు మీదే కనిపిస్తుంది. పైనుంచి పడిన చుక్క గుండ్రంగానో, ఒక చోట నుంచి కిందికి జారిన చారలాగానో ఉంటుంది. మీరు చెప్పినట్టు టాప్ మొత్తం ఒకేలా మసకబారడం చుక్కల వల్ల జరిగేది కాదు. ఘాటైన యాసిడ్ కొట్టి ఎండలో ఆరనిస్తే అలా అవుతుంది. బానెట్ అంచుల్లో, మడతల మీద రంగు వెలవడం బఫింగ్ మెషిన్ (తిరుగుతూ పాలిష్ పట్టే మెషిన్) ఎక్కువసేపు ఆనించినప్పుడు జరిగేది, ఎందుకంటే అంచుల దగ్గర పొర ముందే అరుగుతుంది. ఇక గుడ్డకి ఎర్ర రంగు అంటడం అంటే ఆ చోట క్లియర్ కోట్ పూర్తిగా పోయి కింద రంగు పొర బయటపడినట్టే. నీళ్లు కారని తలుపు మీద అదే పాలిష్ పెట్టి తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ తెల్లగానే ఉంటే, ఆ రెండు గుడ్డలనీ పక్కపక్కన పెట్టి వీడియో తీయండి. డోర్ రబ్బర్లు తెల్లబారాయేమో, మెరుపు పట్టీలు నల్లబడ్డాయేమో కూడా చూసి ఫొటోలు తీయండి, అవీ యాసిడ్ గుర్తులే.

తర్వాత సర్వీస్ సెంటర్‌లో పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టించండి. కంపెనీ పెయింట్ అన్ని పొరలూ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మధ్య ఉంటుంది, అందులో క్లియర్ కోట్ వాటా 40–50 మైక్రాన్లు. మామూలు మీటర్ మొత్తం మందాన్నే చూపిస్తుంది, క్లియర్ కోట్‌ను విడిగా చూపించదు. అందుకే ముట్టుకోని తలుపుల మీద నాలుగు చోట్ల, బానెట్ మధ్యలో, అంచుల్లో, టాప్ మీద రీడింగులు తీయించి ఎక్కడ ఎంతో రాయించుకోండి. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి అక్కడ పనిచేయదు. ఆ కాగితం మీద సర్వీస్ అడ్వైజర్ సంతకం, స్టాంపు, తేదీ ఉండాలి. "పెయింట్ చేయాలి" అని మాత్రమే ఉన్న ఎస్టిమేట్ ఖర్చెంతో చెబుతుంది, కారణం చెప్పదు. "క్లియర్ కోట్ అరిగిపోయింది, రసాయనం వల్ల లేదా అతిగా బఫింగ్ చేయడం వల్ల" అన్న వాక్యం రాయించగలిగితే సగం కేసు గెలిచినట్టే. సేవలో లోపం ఉందని మొదట చూపించాల్సిన బాధ్యత ఫిర్యాదు చేసేవారిదే. మీ వైపు వాదన ఎంత న్యాయమైనా ఈ కాగితం లేకపోతే బలహీనపడుతుంది.

ఇక చట్టం సంగతి. డబ్బు ఇచ్చి సేవ తీసుకున్నారు కాబట్టి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మీరు వినియోగదారుడు. కారు మీ భార్య పేరు మీద ఉండటం అడ్డు కాదు: పని మాట్లాడిందీ, డబ్బు ఇచ్చిందీ మీరే. కావాలంటే ఇద్దరూ కలిసి ఫిర్యాదు ఇవ్వండి, అవతలి లాయరుకి ఆ పాయింటు కూడా మిగలదు. కారు ట్యాక్సీగా తిప్పుతుంటే మాత్రం జాగ్రత్త, వాణిజ్య వాడకం అన్న అభ్యంతరం వస్తుంది.

సెక్షన్ 2(11)లో సేవాలోపం అంటే నష్టం కలిగించే నిర్లక్ష్యం ఒక్కటే కాదు, చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా అందులోకే వస్తుంది. నా దృష్టిలో మీ కేసులో బలమైన పాయింటు ఇదే. మరక లోపలికి దిగిందని ఇప్పుడు చెబుతున్న మనిషి, ఫొటోలు చూసి "హండ్రెడ్ పర్సెంట్ పోతాయి" అని ఎలా అన్నాడు? దిగినట్టు తెలిసి చెప్పకపోతే దాచినట్టు. తెలియకపోతే చూడకుండానే యాసిడ్ పట్టుకున్నట్టు. రెండింట్లో ఏది ఒప్పుకున్నా ఆయనకే చిక్కు. బిల్లు ఇవ్వకపోవడం విడిగా ఒక తప్పు, సెక్షన్ 2(47) దాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. బిల్లు లేదని మీరు టెన్షన్ పడక్కర్లేదు, ఫోన్‌పే రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ చాట్ చాలు. చాట్‌ను స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకుండా మొత్తంగా ఎక్స్‌పోర్ట్ చేసి, ప్రింటుతో పాటు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం, ఆ ప్రింటు మీ ఫోనులోని చాట్‌దేనని చెప్పే సర్టిఫికెట్ జతచేయండి. ఆ ఫోను కేసు తేలేదాకా మార్చకండి.

"ఓనర్ రిస్క్" అన్న స్లిప్పు గురించి. కారు తాళాలు వాళ్ల చేతికి ఇచ్చిన క్షణం నుంచి, 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 151 ప్రకారం, సొంత వస్తువును జాగ్రత్తగల మనిషి ఎలా చూసుకుంటాడో అలా చూడాల్సిన బాధ్యత వాళ్లది. 2019లో సుప్రీంకోర్టు తాజ్‌మహల్ హోటల్ కేసులో ఈ మాటే గట్టిగా చెప్పింది. ఢిల్లీలో ఆ హోటల్లో అతిథుల కార్లు పార్క్ చేసిపెట్టే వ్యాలే సిబ్బందికి తాళాలు ఇచ్చిన మారుతి జెన్ కారు పోయింది. పార్కింగ్ ట్యాగ్ మీద ఓనర్ రిస్క్ అని ఉంది. అయినా తన నిర్లక్ష్యం లేదని హోటలే చూపించాలి, అంతవరకు ఆ రాత చాటున తప్పించుకోలేదు అని కోర్టు తేల్చింది. అది దొంగతనం, ఇది పెయింట్. అయినా సూత్రం ఇక్కడికీ పనికొస్తుంది.

చీటింగ్ కేసు మాట వదిలేయండి. మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి, పని చెడగొట్టడం ఆ కిందికి రాదు. స్టేషన్‌కి వెళ్తే "ఇది సివిల్ మేటర్" అనే అంటారు, ఈసారి ఆ మాట నిజమే.

ముందు ఒక నోటీసు స్పీడ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపండి. మీరే రాసుకోవచ్చు. తేదీ, పని, చెల్లింపు, వాళ్ల హామీ, ఇప్పటి పరిస్థితి, మీరు కోరేది రాసి, కారు వచ్చి చూసుకోవడానికి 15 రోజులు గడువివ్వండి. వాళ్లు వచ్చి చూడకపోతే, తర్వాత "మాకు చూపించలేదు" అనలేరు. "మళ్లీ ఫ్రీగా పాలిష్ చేస్తాం తీసుకురండి" అంటే ఒప్పుకోకండి. అరిగిన చోట ఇంకోసారి మెషిన్ పెడితే సాక్ష్యమూ పోతుంది, ఉన్న రంగూ పోతుంది. లిఖితంగా రీపెయింట్ ఖర్చు ఇస్తామంటే మాట్లాడుకోండి. 1915 నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయడమూ దండగ కాదు, కొందరు అక్కడితోనే దిగొస్తారు.

దిగిరాకపోతే గుంటూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయండి. సెంటర్ విజయవాడలో ఉందని వారధి దాటి తిరగనవసరం లేదు. సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోట వేసుకునే హక్కు 2019 చట్టం ఇచ్చింది. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు (నా వృత్తికి నష్టమైనా చెప్పక తప్పదు, ఇంత చిన్న మొత్తానికి లాయరు ఫీజు ఇస్తే మీకు మిగిలేది తక్కువ). నష్టం జరిగిన రోజు నుంచి రెండేళ్లు గడువు. అవతలి వాళ్లు నోటీసు అందాక 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి. ఆ 45 రోజులు దాటితే తీసుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పింది. కేసు మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, అంతకంటే ఎక్కువ పడుతుందని మనసులో పెట్టుకోండి.

ఎంత అడగాలి? 6,500 వాపసు, రీపెయింట్ 27,000, తిరుగుళ్ల ఖర్చు, మానసిక వేదనకు ఓ పది, పదిహేను వేలు. ఐదు లక్షలు అడిగితే గంభీరంగా కనిపిస్తుందని కొందరు అనుకుంటారు, కమిషన్‌కి మాత్రం అత్యాశే కనిపిస్తుంది. ఎస్టిమేట్‌లో బానెట్‌కి ఎంత, టాప్‌కి ఎంత విడివిడిగా రాయించండి. బానెట్ మీద మరకలున్న చోటుకి కొంత కోత పెట్టే అవకాశం ఉంది. చుక్కలు కొన్నే పడి మొత్తం మసకబారిన టాప్ ఖర్చు పూర్తిగా రావడానికి అవకాశం ఎక్కువ.

అసోసియేషన్ విషయం వేరే దారి. నీళ్లు పై ఫ్లాటు బాత్‌రూమ్ నుంచి వస్తే ఆ ఓనరు, కామన్ పైపు నుంచి వస్తే అసోసియేషన్ బాధ్యత వహించాలి. ముందు ప్లంబర్‌ని పిలిచి మూలం తేల్చండి. బిల్డింగ్ అప్పగించి ఐదేళ్లు కాకపోతే, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) సెక్షన్ 14(3) ప్రకారం ఆ లీకేజీని బిల్డరే ఉచితంగా సరిచేయాలి. కానీ వీళ్లను మీరు అడగగలిగేది మరక తీయించే న్యాయమైన ఖర్చు వరకే, పెయింట్ పోగొట్టింది వాళ్లు కాదు. నీళ్లు కారుతున్నాయని తెలిశాక కూడా అక్కడే పార్క్ చేస్తూ వచ్చారా అని తప్పక అడుగుతారు. సెక్రటరీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చిన తేదీ ఉంటే ఆ ప్రశ్నకి జవాబు ఉన్నట్టే. రోజూ ఎదురుపడే మనుషులతో కోర్టుకెక్కే బదులు, గుంటూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ దరఖాస్తు, అంటే కేసు వేయకముందే రాజీ కోసం దరఖాస్తు, ఇవ్వండి. ఖర్చు లేదు. రాజీ కుదిరితే లోక్ అదాలత్ అవార్డుకి సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. కొద్దికొద్దిగా పడిన మరకనీ, పని చేయించుకుంటుండగా అరిగిన పొరనీ ప్రమాదంగా ఒప్పించడం కష్టం. ఒప్పుకున్నా, పాలసీలో జీరో డెప్ (తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేకపోతే పెయింట్ మెటీరియల్ ఖర్చులో 50 శాతం తరుగు కోస్తారు. పైగా క్లెయిమ్ చేసినందుకు వచ్చే ఏడాది నో క్లెయిమ్ బోనస్ పోతుంది, అది 20 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. మీ బోనస్ ఎంత శాతం ఉందో పాలసీ కాగితంలో చూసి లెక్కేసుకోండి, చాలామందికి క్లెయిమ్ కన్నా బోనస్సే పెద్దదిగా తేలుతుంది.