సిబిల్ స్కోరు 600 లోపు ఉంటే హోమ్ లోన్ వస్తుందా? ముందు ఆ ‘సెటిల్డ్’ మాట తీయించుకోండి

ఒంగోలు నుంచి ఒక తమ్ముడు అడిగాడు: “క్రెడిట్ కార్డు బాకీ సెటిల్మెంట్ చేసుకున్నాను, స్కోరు 580కి పడింది, ఇల్లు కట్టుకోవడానికి లోన్ ఎవరిస్తారు?” అని. సిబిల్ స్కోరంటే మనం అప్పులు ఎలా కట్టామో చూసి వేసే మార్కు. ఎవరిస్తారో చెప్పేముందు నా సంగతి చెప్పాలి. మీది అచ్చం నా కథే.

మాది కోవూరు. మోటార్ వైండింగ్ షాపు నాది. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల్లో ఏరేటర్ల మోటార్లు కాలితే నా దగ్గరికే వస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో మా వైపు చాలామంది గుంటలు ఎండగట్టారు. మోటారు తిరగకపోతే కాలదు, కాలకపోతే నాకు పని లేదు. అంతకుముందే కాపర్ వైరు కోసం కార్డు గీకి ఉన్నాను. వడ్డీలతో కలిపి 76 వేలైంది. పొద్దున ఏడు గంటలకే ఫోన్లు. చివరికి 2021లో ఒకాయన మెత్తగా మాట్లాడి, “35 వేలు కట్టండి, ఖాతా మూసేస్తాం” అన్నాడు. మా ఇంటామె కమ్మలు కుదువ పెట్టి కట్టాను. 41 వేలు మాఫీ అయిందని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మన అప్పుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టులో దాన్ని ‘క్లోజ్డ్’ (పూర్తిగా కట్టేసింది) అని కాకుండా ‘సెటిల్డ్’ (కొంత కట్టి సర్దుకున్నది) అని రాస్తారని, ఆ రెండు మాటలకీ ఇంత తేడా ఉందని ఆయన చెప్పలేదు.

2022 డిసెంబరులో నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక బ్యాంకుకు వెళ్లాం. నేను, మా ఇంటామె, మా మామ. స్థలం మామ ఇచ్చిందే కాబట్టి ఆయన చలవ పంచె కట్టుకుని మరీ వచ్చాడు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాన్, మూడేళ్ల ఐటీ రిటర్నులు అన్నీ ఒక సంచిలో సర్దుకున్నాం. ఆఫీసరు పాన్ నెంబరు కొట్టి, కాసేపు చూసి, కంప్యూటర్ మా వైపు తిప్పాడు. 591.

“మా అల్లుడు ఎవరికీ బాకీ లేడు సార్” అన్నాడు మామ.

“ఇప్పుడు బాకీ లేదు పెద్దాయనా. కానీ అప్పుడు పూర్తిగా కట్టలేదు” అన్నాడు ఆఫీసరు.

“మరి నా కమ్మలు పెట్టి కట్టింది దేనికి?” అని మా ఇంటామె నన్నే అడిగింది, అందరి ముందూ. ఏం చెప్పను? ఆమె డ్వాక్రా గ్రూపులో ఒక్క కంతు తప్పలేదు. ఆమెను తోడు దరఖాస్తుదారుగా పెట్టాం గానీ, అక్కడ ఇద్దరి రిపోర్టులూ చూశారు. ఆమె మంచి పేరు నా మచ్చను కప్పలేకపోయింది. సంచి పట్టుకుని బయటికొచ్చి కోవూరు చేరేదాకా ముగ్గురం మాట్లాడుకోలేదు.

నాకు ఇప్పటికీ కడుపు మండే విషయం ఒకటుంది. పన్నెండేళ్లుగా మా వీధిలో చీటీ కడుతున్నాను. పాట పాడుకున్నాక కూడా ఒక్క నెల ఆపలేదు. డైలీ ఫైనాన్స్ వాళ్లకు వానొచ్చినా కట్టాను. ఇదేదీ ఏ రిపోర్టులోనూ ఉండదు. చేతిలో చేతికి ఇచ్చిన డబ్బు కంప్యూటర్‌కు కనపడదు. పల్లెల్లో, చిన్న బజార్లలో మనం ఎంత నిజాయితీగా కట్టినా లెక్కలోకి రాదు. కష్టకాలంలో తప్పిన ఒక్క కార్డు మాత్రం వెంటాడుతుంది. ఇది అన్యాయమని గట్టిగా నమ్ముతాను.

సరే, నేనేం చేశానో వినండి. ముందు రిపోర్టు తీసి లైను లైనుగా చదివాను. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు రూలు. దానికి ఎవరికీ పైసా ఇవ్వకండి. తర్వాత కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఉత్తరం రాసి, మాఫీ చేసిన మిగతా 41 వేలు కూడా కట్టేస్తానన్నాను. వాళ్లకే వింతగా అనిపించింది. కట్టి, ఇక బాకీ లేదన్న నో డ్యూస్ సర్టిఫికెట్ చేతికి తీసుకున్నాను. అయినా రిపోర్టులో మాట మారలేదు. మూడు నెలలు తిప్పారు. చివరికి రిపోర్టు ఇచ్చే సంస్థకే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే ‘క్లోజ్డ్’ అని వచ్చింది. మీకిప్పుడు ఇంకా బలముంది. 2024 ఏప్రిల్ నుంచి, ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి. ఆ మాట ఉత్తరంలో రాయండి, ఫైలు కదులుతుంది.

ఆ తర్వాత 20 వేలు ఎఫ్‌డీ వేసి, దాని మీద ఒక కార్డు తీసుకుని, నెలకు రెండు మూడు వేల పెట్రోలు కొట్టించి గడువుకు ముందే కట్టేవాణ్ని. 14 నెలల్లో 700 దాటింది. ఈ మధ్యలో ఒక ఏజెంట్ నెల రోజుల్లో స్కోరు పెంచుతానని 8 వేలు అడిగాడు. అలాంటి వాళ్లను గుమ్మం తొక్కనివ్వకండి. నిజంగా ఉన్న బాకీని ఎవరూ మాయం చేయలేరు. పైగా వాళ్లు ఐదారు చోట్ల ఒకేసారి దరఖాస్తు పడేస్తారు, ఆ ఎంక్వైరీలన్నీ రిపోర్టులో పడి స్కోరు ఇంకా తగ్గుతుంది.

2024లో ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ 14 లక్షలిచ్చింది. వడ్డీ 11.5 శాతం, 15 ఏళ్లు. మంచి స్కోరున్న నా స్నేహితుడికి అప్పుడే బ్యాంకులో 8.75కి వచ్చింది. లెక్క వేసి చూశాను. నా కంతు 16,355, అతని రేటుకైతే 13,990 చిల్లర. నెలకు 2,360 తేడా, 15 ఏళ్లకు 4 లక్షల పైన. అప్పుడు మాఫీ అయిందని సంబరపడ్డ 41 వేల అసలు ఖరీదు ఇది. అందుకే ఫ్లోటింగ్ రేటు (మారుతూ ఉండే వడ్డీ) మీద మాత్రమే తీసుకున్నాను. సొంతిల్లుకు తీసుకునే ఫ్లోటింగ్ లోన్‌ను ముందే కట్టేసినా, వేరే బ్యాంకుకు మార్చుకున్నా మనుషుల పేరు మీద ఉన్నదానికి పెనాల్టీ వేయకూడదు. రెండేళ్లు కంతులు సక్రమంగా కట్టి బ్యాంకుకు మార్చుకోవాలన్నదే నా ఆలోచన.

కాబట్టి తమ్ముడూ, లోన్ వస్తుంది. కానీ ఇప్పుడే పరిగెత్తకండి. ఒక ఏడాది ఓపిక పట్టండి, మిగతా బాకీ కట్టండి, సర్టిఫికెట్ తీసుకోండి. అప్పు ఇప్పిస్తానన్న వాళ్లకు ఇచ్చే డబ్బేదో పాత బాకీకి పెట్టండి.

2022 రొట్టెల పండక్కి మా ఇంటామె నెల్లూరు స్వర్ణాల చెరువులో దిగి, ఇల్లు కావాలని మొక్కుకుని ఇంటి రొట్టె తీసుకుంది. మొక్కు తీరితే మనం రొట్టెలు చేసుకెళ్లి మరొకరికి ఇవ్వాలి. బేస్‌మెంట్, స్లాబు అంటూ విడతలుగా డబ్బు తెచ్చి 2025 వేసవిలో ఇంట్లో పాలు పొంగించాం. ఆ మొహర్రంకి రొట్టెలు చేసుకుని మళ్లీ చెరువు దగ్గరికి వెళ్లాం. మా రొట్టె తీసుకున్నామె కందుకూరు నుంచి వచ్చింది. రొట్టె చేతిలో పెడుతూ మా ఇంటామె ఆమెతో అన్నది ఇదే: “అమ్మా, ఇంటికెళ్లగానే మీ ఆయన సిబిల్ ఒకసారి చూసుకోమను.”