స్లీప్ స్టడీ ఇంట్లోనా, ల్యాబులోనా?

గురక ఎక్కువగా ఉందని, పగలు కూర్చున్నచోటే కునుకు పడుతోందని చెబితే డాక్టరు స్లీప్ స్టడీ (నిద్రపోతుండగా చేసే పరీక్ష) రాశారని, ఇంట్లో చేసుకునే పరికరం సరిపోదా అని చాలామంది తరచుగా అడుగుతుంటారు. అనుమానం స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస మాటిమాటికీ ఆగిపోయే జబ్బు) ఒక్కటే అయి, గుండె, ఊపిరితిత్తుల జబ్బులేవీ లేకపోతే చాలామందికి అది సరిపోతుంది. అయితే అందులో వచ్చిన అంకెను అర్థం చేసుకోవడంలోనే అసలు చిక్కు ఉంది.

నిద్రలో శ్వాస కనీసం 10 సెకన్లపాటు ఆగిపోవడం లేదా బాగా తగ్గిపోవడం గంటకు సగటున ఎన్నిసార్లు జరిగిందో లెక్కించి, 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్పమని, 15 నుంచి 30 లోపు మధ్యస్థమని, ఆపైన తీవ్రమని అంటారు. ఇంటికిచ్చే పరికరాల్లో ఎక్కువ భాగం ముక్కు దగ్గరి గాలిని, ఛాతీ కదలికను, వేలి క్లిప్పుతో ఆక్సిజన్‌ను మాత్రమే నమోదు చేస్తాయి. మెదడు తరంగాలను చూడవు కాబట్టి మీరు నిద్రపోయారో, మెలకువగా దొర్లుతున్నారో వాటికి కచ్చితంగా తెలియదు. పరికరం 7 గంటలు నడిచి, మీరు 4 గంటలే నిద్రపోయి, 64 సార్లు శ్వాసకు అంతరాయం కలిగిందనుకుందాం. నడిచిన సమయంతో భాగిస్తే దాదాపు 9, నిద్రపోయిన సమయంతో భాగిస్తే 16. అంటే మధ్యస్థమైన జబ్బు కాగితం మీద స్వల్పమైపోతుంది. అందువల్ల ఇంటి పరీక్షలో ఏమీ లేదని వచ్చినా పగటి మత్తు వదలకపోతే, ల్యాబులో చేయించమని మొహమాటపడకుండా అడగండి. బీమా సంస్థ ముందస్తు అనుమతి కోరితే, ఆ లక్షణాలను డాక్టరు చేతనే రాయించండి.

ల్యాబులో తలకు, కళ్ల పక్కన, గడ్డానికి, కాళ్లకు ఎలక్ట్రోడ్లు అతికించి, ఛాతీకి, పొట్టకు పట్టీలు కడతారు. తలకు నూనె రాసుకుని వెళితే అవి అంటుకోవు. బాత్‌రూముకు వెళ్లాలంటే పిలిస్తే చాలు, టెక్నీషియన్ వచ్చి తీగలను విడదీస్తారు. నిద్ర ఇంట్లోలా పట్టదు, నిజమే. నిర్ధారణకు సాధారణంగా ఆ మాత్రం నిద్ర చాలు. మొదటి సగం రాత్రిలోనే జబ్బు తీవ్రత తేలితే మిగతా రాత్రి సీప్యాప్ (శ్వాసమార్గం మూసుకుపోకుండా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) మాస్కు పెట్టి చూడటం కూడా ఉంది కనుక, ఆ సంగతి ముందే అడిగి మాస్కు కొలత చూపించుకోవడం మంచిది. రోజూ వేసుకునే మందులను మాత్రం సొంతంగా ఆపకండి.

నార్కోలెప్సీ (పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు) అనుమానమైతే ఇంటి పరికరం పనికిరాదు. ల్యాబు రాత్రి తర్వాత మర్నాడు రెండేసి గంటల ఎడంతో నాలుగైదు సార్లు పడుకోబెట్టి, ఎంత త్వరగా నిద్ర పడుతోందో చూస్తారు కాబట్టి ఆ రోజుకూ సెలవు పెట్టుకోవాలి. కేవలం నిద్ర పట్టకపోవడమే మీ బాధ అయితే సాధారణంగా ఈ పరీక్షే అక్కరలేదు. రెండు వారాల నిద్ర డైరీ అంతకంటే ఎక్కువ చెబుతుంది.

పరీక్షకు ముందు, పగటి మత్తును కొలిచే ఎప్‌వర్త్ ప్రశ్నావళి ఇవ్వవచ్చు. అందులోని 8 ప్రశ్నలకూ 0 నుంచి 3 వరకు మార్కులుంటాయి; మొత్తం 10 దాటితే పగటి మత్తు ఎక్కువని అర్థం. మనవాళ్లు మర్యాదకు పోయి అన్నింటికీ సున్నా పెడతారు. పక్కన పడుకునేవారిని అడిగి, ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం వారు చూసి ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పండి. ఇంగ్లిషులో చెప్పడం కష్టమైతే దుబాసీ కావాలని అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే కోరండి. ఫలితం టెక్నీషియన్ చెప్పరు, డాక్టరే చెబుతారు. అప్పుడు సారాంశంతో సరిపెట్టుకోక పూర్తి రిపోర్టు ప్రతిని తీసుకోండి. ఉద్యోగమో, ఊరో మారినప్పుడు సీప్యాప్ యంత్రానికి కొత్త బీమావారు అడిగేది ఆ కాగితాన్నే.