అరికాళ్ళ తిమ్మిరి: షుగరు వల్లనా, ఫ్లోరైడు వల్లనా?

నల్గొండ జిల్లా మర్రిగూడలో ఉంటున్న మీ నాన్నగారికి పదేళ్ళుగా షుగరు ఉందని, ఈ మధ్య అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని, ఇది ఫ్లోరైడు నీళ్ళ ప్రభావమేమోనని అడిగారు.

షుగరు వల్ల నరాలు దెబ్బతింటే తిమ్మిరి, మంట రెండు పాదాల వేళ్ళలోనూ మొదలై మెల్లగా పైకి పాకుతాయి. నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియదు, మడమ వెనుక సుత్తితో తట్టినప్పుడు పాదం సరిగా కదలదు. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడు నీళ్ళ వల్ల వచ్చే జబ్బు) ముదిరినవారిలో ఎముక పెరిగి వెన్నుపామును నొక్కవచ్చు కాబట్టి మెడ, నడుము వంగవు, కాళ్ళు బిగుసుకుపోతాయి, మడమ వెనుక తట్టగానే పాదం మామూలుకన్నా గట్టిగా ఎగురుతుంది. మూత్రం మీద అదుపు తప్పితే ఒక్కరోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గి ఇవే లక్షణాలు రావచ్చు. దీన్ని రక్తపరీక్షతో తెలుసుకుని సరిచేయవచ్చు కనుక దయచేసి అడిగి మరీ చేయించండి. స్పర్శ లేని మచ్చ కనిపిస్తే కుష్ఠు పరీక్ష అవసరం, ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం.

ప్రెగాబాలిన్ వంటి మందులు మంటను తగ్గిస్తాయే గాని నరాన్ని బాగుచేయవు; షుగరు అదుపే నష్టాన్ని నెమ్మదింపజేస్తుంది. పత్తిచేనులో ఒట్టికాళ్ళతో తిరగనీయకండి, తిమ్మిరికని వేడినీళ్ళ కాపడం పెట్టకండి, కాలినా ఆయనకు తెలియదు.