చెట్టు దగ్గర కళ్ళజోడు లేకుండా: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పద్నాలుగు పేజీలూ అందాయి. మొదటిసారి మామూలు పాఠకుడిలా, రెండోసారి పెన్సిలు చేతపట్టుకొని చదివాను. లండన్‌లో చదువుకుంటున్న తెలుగమ్మాయి తన పక్కింటి పెద్దావిడ వెంట ఆ నగరంలోనే ఉన్న బార్న్స్ దాకా వెళ్ళి, 1977లో కారు ప్రమాదంలో పోయిన మార్క్ బోలన్ అనే పాటగాడి కోసం ఏటా సెప్టెంబరు 16న ఒక చెట్టు దగ్గర చేరే అరవై దాటిన మనుషులను చూసి రావడం, దాన్ని తెలుగులో రాయాలనుకోవడం నాకు సంతోషం కలిగించాయి. సంతోషం సంగతి అలా ఉంచి అసలు మాట చెబుతాను. నీ వ్యాసం ఎనిమిదో పేజీలో మొదలవుతోంది.

ఆ పేజీలో ఆవిడ కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చింది. చెట్టు చుట్టూ అభిమానులు పెట్టి వెళ్ళిన చీటీలను నువ్వు ఒక్కొక్కటే చదివి వినిపిస్తుంటే, ఆవిడ చెయ్యెత్తి ఆపి, అది మామూలు మాట కాదమ్మా, మనిషి పేరు, సరిగ్గా చూడు అని దిద్దుతుంది. ఏటా అక్కడ చీటీ పెట్టే ఒకామె కాగితం ఈసారి కనబడలేదని నిన్ను రెండుసార్లు వెతికిస్తుంది. దొరక్కపోయేసరికి ఏమీ అనకుండా తెచ్చిన పువ్వులు కింద పెట్టి, మెట్లు దిగడానికి నీ భుజం పట్టుకుంటుంది. ఒక్క విశేషణం లేకుండా, ఎక్కడా కన్నీరు అనే మాట వాడకుండా నువ్వు ఆ పేజీ రాయగలిగావు. మిగతా పదమూడు పేజీల గురించి ఇంత ఘాటుగా చెబుతున్నది ఆ ఒక్క పేజీ చూసిన ధైర్యంతోనే.

మొదటి ఏడు పేజీల్లో ఉన్నవన్నీ నిజాలే. మార్క్ బోలన్ అసలు పేరు మార్క్ ఫెల్డ్ అనీ, 1947 సెప్టెంబరు 30న లండన్‌లోని హాక్నీలో పుట్టాడనీ, అతని టిరానోసారస్ రెక్స్ అనే ఇద్దరు మనుషుల బృందం 1970లో పేరు కురచ చేసుకొని టి. రెక్స్‌గా మారి ఎలక్ట్రిక్ గిటారు అందుకున్నదనీ, 1971లో 'హాట్ లవ్' పాట ఆరు వారాలపాటు బ్రిటన్‌లో పాటల అమ్మకాల జాబితాలో మొదటి స్థానంలో నిలిచిందనీ, 2020లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆ బృందానికి చోటు దక్కిందనీ రాశావు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే వీటిలో ఆవిడ ఇంటి గడప దాటి లోపలికి వచ్చినవి ఏవి? 2020 నాటి గౌరవం రాలేదు, ఎందుకంటే అది విన్నప్పుడు ఆవిడ భుజాలెగరేసిందని నువ్వే రాశావు. ఆరు వారాల లెక్క మాత్రం వచ్చింది. ఆ ఆరు వారాలూ ప్రతి గురువారం సాయంత్రం టీవీ ముందు చోటు కోసం తండ్రితో పేచీ పెట్టుకున్న పదమూడేళ్ళ పిల్ల ఆవిడే. ఆ లెక్కను ఆ పేచీలోనే చెప్పు, విడిగా చెప్పకు.

నేను కూడా ఈ తప్పు చేసినవాణ్ణే. ఇరవై నాలుగేళ్ళ వయసులో, మా ప్రాంతంలో పేరు మోసిన ఒక పద్యనాటక నటుడు పోయినప్పుడు ఒక వారపత్రికకు నివాళి రాశాను. గంధర్వగానం, రంగస్థల మార్తాండుడు, తీరని లోటు, ఏవీ వదల్లేదు. ఆయన పక్కన ముప్పై ఏళ్ళు హార్మోనియం వాయించిన పెద్దమనిషికి పత్రిక తీసుకువెళ్ళి చూపిస్తే, ఆయన కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చివరిదాకా చదివి, చాలా బాగుంది బాబూ, ఇంతకీ ఇది ఎవరి గురించి అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పద్యనాటకం మాట వచ్చింది కాబట్టి నాలుగో పేజీలో నువ్వు చేసిన పోలిక సంగతి చెప్పాలి. 1971 మార్చిలో 'టాప్ ఆఫ్ ది పాప్స్' అనే గురువారం టీవీ పాటల కార్యక్రమంలో బోలన్ శాటిన్ దుస్తులు వేసుకొని, కళ్ళ కింద తళుకుపొడి అద్దుకొని కనిపించడాన్ని మన తెలుగు పాఠకుడికి అందించడానికి, మన నాటకాల్లో కృష్ణుడు వేసే నటుడి చమ్కీ అంగీనీ, చెంపలకు పూసిన రంగునూ తెచ్చావు. అందంగా ఉంది, తీసెయ్యి. కృష్ణుడి వేషగాడు తెల్లవారి రంగు కడుక్కుంటే ఊళ్ళో ఎవరూ అతణ్ణి నిలదీయరు, ఆ వేషానికి మన దగ్గర తరతరాల అనుమతి ఉంది. ఇంగ్లండులో ఒక కుర్రవాడు మర్నాడు శుక్రవారం చెల్లెలి డబ్బాలోంచి తళుకు తీసి కళ్ళ కింద రాసుకొని బడికి వెళ్ళడానికి అలాంటి అనుమతి లేదు. అతనికి దెబ్బలు పడవచ్చు. బోలన్ చెంపకు ఆ తళుకు అద్దించిన ఆలోచన చెలీటా సెకుండా అనే ఆమెదని చెబుతారు. తళుకుల వేషంతో పాడే గ్లామ్ రాక్ అనే సంగీత ధోరణి అక్కడ మొదలైందని చాలామంది లెక్క వేస్తారు. ఎక్కడ మొదలైనా, ఆ చిటికెడు పొడిలో ఉన్న ప్రమాదం నీ పోలికతో ఆవిరైపోతోంది. ఆవిడ అన్నయ్య ఆ శుక్రవారం ముక్కు పగిలి ఇంటికి వచ్చాడని పదకొండో పేజీలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశావే, దాన్ని ఇక్కడికి తీసుకురా. పాఠకుడికి దగ్గర చేయాలన్న ఆత్రంలో మనం తరచూ చేసే పని ఇదే, పరాయి వస్తువును మన అలమరలో సర్దేసి, అది మనదేనని పొంగిపోతాం.

మాటల విషయంలో కూడా ఇంతే. గ్లామ్ రాక్‌ను గ్లామ్ రాక్ అనే ఉంచినందుకు మెచ్చుకుంటున్నాను. నా తరం వాళ్ళయితే దానికొక సంస్కృత సమాసం కట్టేవాళ్ళు. కానీ అభిమానులు అన్న మాట జాగ్రత్తగా వాడు. మన పాఠకుడు ఆ మాట వినగానే సంఘం, బ్యానరు, కటౌటు, పాలాభిషేకం అన్నీ చూస్తాడు. ఆవిడ ఏ సంఘంలోనూ లేదు. పడకగది నేల మీద కూర్చొని 'జాకీ' అనే ఆడపిల్లల వారపత్రికలోంచి బొమ్మలు కత్తిరించుకున్న పిల్ల ఆవిడ. కత్తెర తల్లి కుట్టుపెట్టెలోది, అడగకుండా తీసుకున్నది. వాడుతూ వాడుతూ దాని పదును పోగొట్టినందుకు తిట్లు తిన్నది. అభిమానం అనే మాటను పక్కనపెట్టి ఆ మొద్దుబారిన కత్తెరను చూపించు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు. 1972 జనవరి 9న బ్రిటన్‌లో బొగ్గుగని కార్మికుల సమ్మె మొదలైంది. ఫిబ్రవరిలో ఇళ్ళకు వంతులవారీగా కరెంటు కోతలు వచ్చాయి. ఆ చలికాలంలోనే నిరుద్యోగుల సంఖ్య పది లక్షలు దాటింది, ఆ చలికాలంలోనే టి. రెక్స్ పాట 'టెలిగ్రామ్ శామ్' మొదటి స్థానంలో ఉంది. దీన్ని నువ్వు సామాజిక నేపథ్యం అనే ఉపశీర్షిక కింద పెట్టి పాఠ్యపుస్తకంలా రాశావు. కానీ ఆవిడ నీకు చెప్పిన మాట మరొకటి. రికార్డు తిరుగుతుండగా కరెంటు పోతే గొంతు ఒక్కసారిగా లావై, కిందికి జారి, మూలిగినట్టుగా ఆగిపోయేదనీ, చీకట్లో అన్నాచెల్లెళ్ళు ఆగిన చోటినుంచి మిగిలిన పాటను నోటితో పూర్తి చేసేవాళ్ళనీ, తండ్రి కొవ్వొత్తి వెతుక్కుంటూ తిట్టేవాడనీ చెప్పింది. కరెంటు కోత అంటే ఏమిటో తెలుగువాడికి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. నువ్వు ఏ పోలికా తేకుండానే రెండు దేశాలు ఆ చీకట్లో కలుస్తాయి. ఉపశీర్షిక కొట్టేసి, ఆ మూలుగును ఇంకొక నాలుగు వాక్యాలు వినిపించు. మర్నెలలో, మార్చి 18న వెంబ్లీలో జరిగిన కచేరీ గురించిన పేరా మాత్రం ఉంచకు. బీటిల్స్ బృందంలోని రింగో స్టార్ దాన్ని చిత్రీకరించిన మాట నిజమే, కానీ ఆవిడను ఇంట్లోవాళ్ళు వెళ్ళనివ్వలేదు. వెళ్ళనివ్వలేదు అన్న ఒక్క వాక్యం చాలు.

ఒక చిన్న విషయం నీ కంటపడలేదు. బోలన్ కళ్ళ కింద బంగారు రంగు తళుకు చూశానని ఆవిడ మూడో పేజీలో చెప్పింది. తమ ఇంట్లోకి రంగుల టీవీ 1974లో వచ్చిందని తొమ్మిదో పేజీలో చెప్పింది. అంటే 1971లో ఆవిడ చూసింది నలుపుతెలుపుల్లో. ఆవిడ అబద్ధం ఆడలేదు. ఆ తరువాత పత్రికల్లో, వీడియోల్లో చూసిన రంగు వెనక్కి నడిచి వెళ్ళి ఆ గురువారం సాయంత్రం మీద పడింది. దయచేసి ఆవిడను దిద్దకు, నీ ప్రతిలో దాన్ని సరిచేయకు కూడా. ఆ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి ఊరుకో. తెలివైన పాఠకుడు చూస్తాడు. చూడనివాడికి నువ్వు చెప్పినా ప్రయోజనం లేదు.

మరణం దగ్గర కలం బిగువు సడలింది. 1977 సెప్టెంబరు 16 శుక్రవారం తెల్లవారుజామున, బార్న్స్‌లోని క్వీన్స్ రైడ్ అనే రోడ్డు మీద వంపు వంతెన దాటుతూ ఊదారంగు మినీ కారు అదుపు తప్పి మొదట కంచె స్తంభాన్నీ తరువాత సికమోర్ చెట్టునూ గుద్దుకుంది. పక్క సీట్లో ఉన్న బోలన్ అక్కడికక్కడే పోయాడు, ముప్పై నిండడానికి ఇంకా రెండు వారాలు ఉంది. ఇంతే చెప్పు. విధి, మృత్యుఘంటిక, ముందే తెలిసిన సూచన లాంటివి ఎంత ఊరించినా ముట్టుకోకు. స్తంభాన్ని అందరూ మరిచిపోయి చెట్టునే గుర్తుంచుకున్నారు కదా, అది రాయదగిన సంగతి. స్తంభానికి ఎవరూ రిబ్బను కట్టరు.

కారు నడిపినది గ్లోరియా జోన్స్, తానూ మంచి గాయని, అతని కొడుకుకు తల్లి. తీవ్రంగా గాయపడింది. ఆమె గురించి ఆవిడ ఆ రోజుల్లో అన్న కటువైన మాటను నువ్వు ఉన్నదున్నట్టు దించావు. ఆ మాట ఉంచాలా వద్దా అని అడిగావు. ఉంచు, కానీ అది పందొమ్మిదేళ్ళ పిల్ల దుఃఖంలో అన్నదని పాఠకుడికి తెలిసేలా ఉంచు. ఆ బిడ్డకు అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదనీ, జోన్స్ తరువాతి కాలంలో సియెర్రా లియోన్‌లో బోలన్ పేరుతో పిల్లలకు సంగీత పాఠశాల నెలకొల్పిందనీ దాని దగ్గరలోనే చెప్పు. బతికున్న మనిషి మీద చనిపోయినవాడి అభిమానులు వేసే నింద మన చేతిలో పడ్డప్పుడు, దాన్ని బరువు చూడకుండా అచ్చుకివ్వడం నాకు తెలిసి పెద్ద పాపం.

స్మారకం గురించి నువ్వు ఇచ్చిన వివరాలు కుదించు. 1999లో అభిమానులు ఒక బృందంగా ఏర్పడి ఆ స్థలాన్ని చూసుకోవడం మొదలుపెట్టారనీ, గట్టు ఎక్కడానికి మెట్లు కట్టించారనీ, 2002లో కంచు ప్రతిమ పెట్టారనీ, అతని తరువాత పోయిన మిగతా వాద్యకారుల పేర్లు కూడా అక్కడ చేరాయనీ చెబితే సరిపోతుంది. మెట్ల గురించి మాత్రం ఇంకొంచెం రాయి. ఆ మెట్లు కట్టేనాటికి వాళ్ళకు నలభై చిల్లర, ఇప్పుడు ఆ మెట్లే వాళ్ళకు కష్టమవుతున్నాయి. అక్కడున్న కంచు ముఖానికి ఎప్పటికీ ఇరవై తొమ్మిదే. నీ వ్యాసం మొత్తం ఈ రెండు వయసుల మధ్య నడవాలి, కానీ ఆ మాట నువ్వు నోటితో అనకూడదు. పన్నెండో పేజీలో అనేశావు, అందుకే చెబుతున్నాను. అంత్యక్రియలలో తెల్లపూలతో చేసిన హంసను పెట్టిన సంగతి తెల్లహంసనెక్కు అని అర్థం వచ్చే బోలన్ పాట 'రైడ్ ఎ వైట్ స్వాన్' తెలిసినవాడికే అర్థమవుతుంది కాబట్టి, ఆ పాట పేరును ముందే ఎక్కడో మామూలుగా వదిలిపెట్టు.

ఇక నీ అనుమానం. గ్రెనడా టీవీలో బోలన్ నడిపిన 'మార్క్' కార్యక్రమం చివరి భాగం సెప్టెంబరు 7న తీసి 28న, అంటే అతను పోయాక పన్నెండు రోజులకు ప్రసారం చేశారు. గాయకుడు డేవిడ్ బోవీతో కలిసి బోలన్ పాట మొదలుపెట్టి, మెరుపులాంటి ఆ నవ్వుతోనే వేదిక మీంచి కాలు జారతాడు, బోవీ నవ్వాపుకోలేకపోతుండగా కార్యక్రమం ముగుస్తుంది. బడి వదిలే వేళకు వచ్చే ఆ కార్యక్రమాన్ని తాను ఇంట్లో కూర్చొని చూశానని ఆవిడ అంటోంది. అప్పటికి చెప్పుల దుకాణంలో పనిచేస్తున్న ఆవిడ సాయంత్రం నాలుగింటికి ఇంట్లో ఎలా ఉంటుంది, బంగారు తళుకు లాగా ఇది కూడా తరువాత అల్లుకున్నదేనేమో అని నీ సందేహం. మంచి సందేహమే. కానీ 1977 సెప్టెంబరు 28 బుధవారం. ఆ రోజుల్లో ఇంగ్లండులో చాలా ఊళ్ళలో వారం మధ్యలో ఒక పూట దుకాణాలు మూసేవాళ్ళు, కొన్ని చోట్ల బుధవారం, కొన్ని చోట్ల గురువారం. ఈసారి టీకి పిలిచినప్పుడు, బోలన్ ఊసెత్తకుండా, మీ ఊళ్ళో సగంపూట సెలవు ఏ రోజని అడుగు. ఏమన్నదో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ ఊరి ముసలి రచయిత